నిటారు ఉత్తర్వు

కళాశాల వార్షికోత్సవం నాడు నూకరత్నానికి వేదిక మీదే నడుము పట్టేసింది. గోపిక వేషంలో చంకన కుండ పెట్టుకుని ఒక పక్కకి ఒరిగిన పిల్ల ఒరిగినట్టే ఉండిపోయింది. పాట అయిపోయినా లేవలేదు. జనం అదీ అభినయమే అనుకుని చప్పట్లు కొట్టారు. నట్టువాంగం చేస్తున్న వకుళకి మాత్రం సంగతి అర్థమై, తాళాలు పక్కన పడేసి వేదికెక్కి, పిల్లని పొదివి పట్టుకుని లోపలికి నడిపించుకుపోయింది.

వకుళ పైడిపాలెం ప్రభుత్వ నృత్య కళాశాలలో కూచిపూడి నేర్పుతుంది. ఎంతమంది ఆడపిల్లల నడుములు ఆమె చేతుల మీదుగా వెళ్లాయో లెక్కలేదు. రత్నం తప్పెక్కడుందో ఆమెకి తెలుసు. నిలబడినప్పుడల్లా మోకాళ్లు బిగించి, పిరుదులు వెనక్కి నెట్టి, ఛాతీ ముందుకి విరుచుకుని నిలబడుతుంది. చూసేవాళ్లకి ఠీవిగానే ఉంటుంది. బరువంతా మోసేది మాత్రం నడుము. పిల్లల చేతిరాత సరిచేసినట్టు దాన్ని రోజూ కాస్త కాస్త సరిచెయ్యాలి. మాత్రలతో పోయేది కాదు, ఉత్తర్వులతో అసలే పోదు.

ముందు వరసలో కూర్చున్న ప్రత్యేకాధికారి కోదండపాణి గారు కూడా ఆ నడుము పట్టెయ్యడం చూశారు. అక్కడ వచ్చింది చిక్కు.

కోదండపాణి గారు తూనికలు కొలతల శాఖ నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చారు. ఉద్యోగమంతా కొట్టు కొట్టుకీ తిరిగి, తక్కెడలు పరీక్షించి, గుండ్ల మీద ముద్ర వేసిన మనిషి. లంచం ముట్టడు, అబద్ధమాడడు, నవ్వడు. జిల్లాలో కిరాణా వర్తకులు ఆయన బదిలీ కబురు విని కొబ్బరికాయలు కొట్టారని చెప్పుకునేవారు. అలాంటి మనిషి చేతికి ఒక నృత్య కళాశాల దొరికింది.

మర్నాడే వకుళని నివేదిక అడిగారు. ఆమె ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. "నర్తకి సరిగ్గా నిలబడితే నడుము భద్రంగా ఉంటుంది. అయితే సరిగ్గా నిలబడడమంటే బిగుసుకుపోవడం కాదు. బరువు రెండు పాదాల మీదా సమంగా పడాలి, మోకాళ్లు సడలి ఉండాలి, పొత్తికడుపు కొద్దిగా లోపలికి పట్టి ఉంచాలి. అలా నిలబడడం వచ్చినవాళ్లు ఎంత వంగినా, ఎటు ఊగినా నడుముకి ప్రమాదం లేదు."

కోదండపాణి గారు మొదటి వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశారు. 'అయితే' దగ్గర ఆపేశారు. ఆయన ఉద్యోగానుభవంలో 'అయితే' తర్వాత వచ్చేదంతా వర్తకుడి సంజాయిషీయే.

వారం తిరగకుండా అందర్నీ హాల్లోకి పిలిచారు. పైనున్న దూలానికి వరసగా దారాలు, ఒక్కో దారం చివర ఒక ఇత్తడి గుండు వేలాడుతున్నాయి. తాపీ మేస్త్రీలు గోడ నిటారుగా లేచిందా లేదా అని చూసుకునే తూకపు గుండ్లవి.

"వకుళ గారు శాస్త్రం రాశారు," అన్నారు కోదండపాణి గారు. "కొలత లేని శాస్త్రం ఉత్త అభిప్రాయం. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, రేపటి నుంచి ఈ సంస్థలోని ప్రతి వ్యక్తీ ప్రతి ఉదయం ఈ దారం పక్కన నిలబడవలెను. చెవి, భుజం, తుంటి, చీలమండ, నాలుగూ దారం మీదికి రావలెను. వచ్చినవారి మణికట్టు మీద 'సరి' అని ముద్ర పడుతుంది. రానివారు వచ్చేవరకూ నిలబడుదురు."

"నేను రాసింది మోకాళ్ల గురించి కూడానండీ," అంది వకుళ.

"మోకాలు దారం మీదే వస్తుంది కదమ్మా. వేరే చెప్పనక్కర్లేదు."

ముందు ప్రిన్సిపాలు మార్తాండశర్మ గారినే నిలబెట్టారు. వీణ విద్వాంసుడాయన, పుట్టి బుద్ధెరిగాక కూర్చునే బతికాడు. పక్క నుంచి చూస్తే లాభం లేదని ఆయనకి ఎదట నుంచి కొలత పెట్టారు. ముక్కు కొసన పట్టుకున్న దారం జారి వచ్చి బొజ్జ మీద ఆగింది. అందరి విషయంలో వేలాడే గుండు ఆయన విషయంలో విశ్రాంతి తీసుకుంది. మధ్యాహ్నం దాకా ఊపిరి బిగబట్టి ముద్ర వేయించుకున్నాడాయన.

మొదటి పది రోజులూ పిల్లలు నవ్వుకున్నారు. తర్వాత రెండో ఉత్తర్వు వచ్చింది. పొద్దున్న 'సరి' అని ముద్ర వేయించుకున్న మనిషి మధ్యాహ్నం వంగితే ఆ ముద్ర అబద్ధమవుతుంది. అబద్ధపు ముద్ర నేరం. కాబట్టి కళాశాల ఆవరణలో వంగడం నిషిద్ధం. కూర్చుంటే వెన్ను గూనిపోతుంది కాబట్టి కుర్చీలన్నీ గోదాములోకి వెళ్లాయి. వంగినవాళ్లని పట్టుకునే పని వాచ్‌మన్ అప్పన్నకి అప్పగించారు.

"నానేటి సెయ్యాలమ్మా?" అని వకుళ దగ్గర మొరపెట్టుకున్నాడు అప్పన్న. "దొంగల్ని పట్టమంటే పడతాను. వంగినోల్లని పట్టమంటే ఎలాగ? నిన్న శర్మగోరి పెన్ను కింద పడిపోనాది. తీసుకుంటారేమో అని నాను, నాను పట్టుకుంటానేమో అని ఆరు, ఒకల మొకం ఒకలం సూసుకుంటా నిలబడిపోనాం."

"మరి పెన్ను?"

"అక్కడే ఉన్నాదమ్మా. దాని పక్కన ఇయాల ఆరి కళ్లజోడు కూడా పడ్డాది."

నిజమే. వంగకూడదన్నాక కింద పడిన వస్తువుకి పైకొచ్చే దారి లేదు. పిన్నీసులు, గజ్జెల పట్టీలు, బస్ పాసులు, ఎవరిదో సగం తిన్న జామకాయ, అన్నీ ఎక్కడ పడినవి అక్కడే ఉండిపోయాయి. చీపురుకి వెదురుబొంగు కట్టి నిలబడి ఊడ్చే ఏర్పాటు చేశారు గాని, ఊడ్చిన చెత్త ఎత్తాలంటే మళ్లీ వంగాలి. అందుకని పొద్దున్న ఈ మూల నుంచి ఆ మూలకి, సాయంత్రం ఆ మూల నుంచి ఈ మూలకి ఊడ్చేవారు. పొడుగు పట్టకార్లు కావాలని శర్మగారు పై ఆఫీసుకి రాశారు. పట్టకారు ఎంత పొడుగుండాలో మనిషి సగటు ఎత్తును బట్టి నిర్ణయించడానికి అక్కడ ఉపసంఘం వేశారు.

ఇల్లు చేరాక కూడా వకుళకి ఆ భయం వదల్లేదు. ఒకనాడు మంచం కింద దొర్లిన ఉల్లిపాయ కోసం వంగబోయి, టక్కున ఆగి వీధి గుమ్మం వైపు చూసింది.

"తీసుకోవోయ్, నేను ఎవరికీ చెప్పన్లే," అన్నాడు ఆమె భర్త పేపరు దించకుండా.

మూడో ఉత్తర్వు పాఠాల మీదికి వచ్చింది. ఏ అంశంలో ఎవరు ఎక్కడ వంగుతున్నారో వెతకమన్నారు. వెతికితే వంగనివాళ్లెవరూ కనపడలేదు. యశోద కృష్ణుణ్ణి రోటికి కట్టాలంటే వంగాలి. కృష్ణుణ్ణి, రోటిని కలిపి బల్లమీదికి ఎక్కించారు. గోపిక నూతిలో నీళ్లు తోడాలంటే వంగాలి. నుయ్యి తీసేసి కొళాయి పెట్టారు, అదీ భుజమెత్తులో. శబరి పళ్లేరుకోవాలంటే వంగాలి. చెట్టుకే కోసుకోమన్నారు. చంకన కుండ పెట్టుకుంటే నడుము ఒరుగుతుంది కనుక కుండ నెత్తి మీదికి పోయింది. అన్నిటికీ తలూపిన మార్తాండశర్మ గారు తన గదిలో పటం దగ్గరకొచ్చేసరికి గుటకలు మింగారు. మురళి వాయిస్తూ నిలబడిన వేణుగోపాలస్వామి పటం అది. మెడ ఒక వైపు, నడుము ఒక వైపు, మోకాలు ఇంకో వైపు.

"ఒక్క విగ్రహంలో మూడు వంకరలు!" అన్నారు కోదండపాణి గారు.

"అది త్రిభంగి అండీ. స్వామివారు అనాదిగా..."

"అనాదిగా జరుగుతున్నంత మాత్రాన తప్పు ఒప్పవదు శర్మగారూ. నాకు భక్తి లేదనుకోకండి, నేనూ శనివారం ఒంటిపూటే తింటాను. కానీ పిల్లలు చూసి నేర్చుకుంటారు."

స్వామివారిని గోడవైపు తిప్పి పెట్టారు.

ఇన్ని జరుగుతున్నా వకుళ నోరు కట్టుకుని ఉండడానికి కారణం రత్నం. సముద్రం ఒడ్డున ఎండుచేపలమ్మే తల్లి పెంచిన పిల్ల అది. అవతల కొండల దగ్గర గురుకుల పాఠశాలలో నాట్యం టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దుటికి డిప్లొమా చేత్తో పట్టుకుని హాజరు కావాలి, లేకపోతే తర్వాతి పేరున్న వాళ్లని పిలుస్తారు. శనివారం పరీక్ష. ఫలితం అప్పటికప్పుడు చెప్పి, కోదండపాణి గారు సంతకం పెట్టి డిప్లొమా ఇస్తారు.

ఉత్తర్వులు ఒక పక్క నడుస్తున్నా, తలుపులు వేసుకుని వకుళ రత్నానికి నిలబడడం నేర్పుతూనే ఉంది. గోడకి ఆనించి, పాదాల కింద బరువు చూపించి, బిగించిన మోకాలి వెనక వేలితో పొడిచి, "వదులు, వదులు, ఎవరో తరుముకొస్తున్నట్టు నిలబడతావేమే" అని కసురుతూ. పిల్ల నడుం నొప్పి పోయింది. మోకాళ్లు పక్కలకి వంచి అరమండిలో కూర్చుంటే వెన్ను పోకచెట్టులా లేస్తోంది. ఇక పరీక్ష గండం ఒక్కటే మిగిలింది. పరీక్ష నియమం ఇలా ఉంది: అభ్యర్థి మెడకి దారం కట్టి గుండు వీపు మీదుగా వేలాడదీస్తారు. రవికె నుంచి కిందికి ఎర్రరంగు గీత. దారం గీత దాటిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది.

శుక్రవారం టిఫిన్ వేళ వకుళ మెల్లిగా చెప్పింది. "ఒసే రత్నం, రేపు నిలబడిపో. ముఖంతో, చేతులతో లాగించెయ్. కాగితం చేతికొచ్చాక అక్కడ నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకో."

రత్నం తింటున్న ఉప్మా ఆపింది. "నిలబడి తెచ్చుకున్న కాయితం పట్టుకెళ్లి ఆ పిల్లలకేటి నేర్పమంటారు మేడం? నిలబడ్డమా?"

"ఉద్యోగం పోతే అదీ నేర్పలేవు."

"మా అమ్మ బుట్ట నెత్తినెట్టుకుని బజారంతా తిరుగుద్ది. బుట్ట కదల్దు, నడుం కదుల్తాది. ఏనాడూ బుట్ట పడిపోలేదు." మళ్లీ ఉప్మా కలుపుతూ, "సూద్దాం లెండి," అంది. ఆ 'సూద్దాం' వినగానే వకుళ గుండెలో రాయి పడింది.

శనివారం పరీక్ష మొదలైంది. కుర్చీలు లేవు కాబట్టి కోదండపాణి గారు, శర్మగారు, ఇద్దరు గుమాస్తాలు, దారం కనపడేంత దగ్గరగా వరసగా నిలబడ్డారు. కోదండపాణి గారు అందరికంటే నిటారుగా, మోకాళ్లు కొయ్యల్లా బిగించి నిలబడ్డారు. నెలల తరబడి ఆయన అలాగే నిలబడుతున్నారు. ఈ మధ్య కారు దిగేటప్పుడు మొహం చిట్లిస్తున్నారని డ్రైవరు చెప్పుకోవడం వకుళ చెవినా పడింది.

మొదటి అమ్మాయి వచ్చి, పాట మొదలై ముగిసేవరకూ అలాగే నిలబడి, కళ్లు తిప్పి వెళ్లిపోయింది. మృదంగం వాయించే ఆయన మధ్యలో వాయించడం ఆపినా ఎవరికీ తెలియలేదు. "నూటికి నూరు!" అన్నారు కోదండపాణి గారు. ఆయన నవ్వలేదు గాని, కంఠం మాత్రం గద్గదమైంది.

తర్వాత రత్నం.

మెడకి దారం కట్టారు. రత్నం వకుళ వైపు ఒకసారి చూసి అరమండిలోకి దిగింది. వకుళ కళ్లు మూసుకుంది. గుమాస్తా మార్కు తీసెయ్యబోతే, "ఆగు" అన్నారు కోదండపాణి గారు. మోకాళ్లు వంగాయి గాని వీపు వంగలేదు. దారం గీత మీదే ఉంది. అడుగులు నేల మీద దడదడలాడుతున్నాయి, దారం మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. కోదండపాణి గారు ఇంకా ముందుకి జరిగి చూడసాగారు. తూనికలు కొలతల శాఖలో ఇంత నిక్కచ్చి సరుకు ఆయన ఎన్నడూ చూసి ఉండరు.

అప్పుడు గోపిక నీళ్లకి బయల్దేరింది. రత్నం కుండని నెత్తి మీద పెట్టుకోలేదు, చంకనే పెట్టుకుంది. నడుము ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. దారం గీత దాటింది, మళ్లీ దాటింది. గుమాస్తా కలం ఆగకుండా గీస్తోంది. వకుళ తాళం తప్పబోయి నిలదొక్కుకుంది. ఇంతలో పాట ద్రుతంలోకి వెళ్లింది, పిల్ల గిర్రున తిరగడం మొదలుపెట్టింది. తిరిగే మనిషి మెడకి కట్టిన గుండు వీపునంటుకుని ఎందుకుంటుంది? అది దారమంత దూరం గాల్లోకి లేచి, మెరుస్తూ, ఎదట నిలబడినవాళ్ల ముక్కుల ముందు నుంచి బుయ్యిమని పోయింది.

పెద్దలంతా ఒక్కుమ్మడిగా వంగారు.

గుండు మళ్లీ వచ్చింది. మళ్లీ వంగారు. మార్తాండశర్మ గారు అంత చురుగ్గా వంగగలరని ఆయనకే తెలియదు. పాట ముగిసింది. రత్నం చివరి తాళానికి ఆగి నిలబడింది. గుండు నాలుగుసార్లు ఊగి, వీపు మీద గీతని పట్టుకుని నిలిచింది. గుమాస్తాలు లేచారు, శర్మగారు లేచారు. కోదండపాణి గారు లేవలేదు.

"సార్?" అన్నారు శర్మగారు.

"నడుము..." అన్నారు కోదండపాణి గారు నేలతో మాట్లాడుతున్నట్టు.

నలుగురూ పట్టుకుని ఆయన్ని నేలమీద బోర్లా పడుకోబెట్టారు. డాక్టరుకి కబురు పంపారు. వకుళ పక్కన చతికిలబడి ఆయన పొత్తికడుపు కింద మెత్త పెట్టబోయింది.

"ముందు పని చూడండి," అన్నారాయన పళ్లు బిగించి. "ఈ అమ్మాయి మార్కులు?"

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "గీత దాటినవన్నీ తీసేస్తే ఏమీ మిగల్లేదండీ. ఇంకా అమ్మాయే మనకి ఇవ్వాలి."

రత్నం మొహం పాలిపోయింది. వకుళకి ఎక్కడలేని కోపమూ వచ్చింది. కానీ కోపాన్ని ఇంట్లో పాలు పొంగకుండా మూత జరిపినట్టు జరిపి, నెమ్మదిగా అడిగింది. "ఒక్క సంగతి చెప్పండి సార్. మీరు కొట్లో తక్కెడ పరీక్షిస్తారు. గుండు వెయ్యగానే ముల్లు అటూ ఇటూ ఊగుతుందా, ఊగదా?"

"ఊగుతుంది."

"ఊగినన్నిసార్లూ కేసు రాస్తారా?"

"తెలివితక్కువ ప్రశ్న. ముల్లు చివరికి ఎక్కడ ఆగిందో చూస్తాం."

"మా పిల్ల చివరికి ఎక్కడ ఆగింది?"

కోదండపాణి గారు మెడ తిప్పి రత్నం వైపు చూశారు. నిజాయితీ గల మనిషికి నిజం మింగడం ఆలస్యమవుతుంది గాని, మింగక మానడు. "గీత మీదే ఆగింది," అన్నారు. "నేను చూశాను, వంగి ఉండి చూశాను. ఉత్తీర్ణురాలు. రాసుకో."

వకుళ డిప్లొమా కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన కలం తీసి, మళ్లీ దించేశారు.

"కుదరదు. నిటారుగా లేని అధికారి సంతకం చెల్లదు. ఏడో నిబంధన. నేనే రాశాను."

"రేపు ఆదివారమండీ!" అంది వకుళ. "ఎల్లుండి పొద్దున్నే ఆ పిల్ల..."

"నిబంధన నిబంధనే అమ్మా. నేను నిలబడే వరకూ ఆగాలి."

డాక్టరు ఎప్పుడొస్తాడో తెలియదు, వచ్చినా ఆ నడుము ఎప్పుడు లేస్తుందో తెలియదు. అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు మార్తాండశర్మ గారికి ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక ఆలోచన వచ్చింది. ప్రహరీ కడుతున్న మేస్త్రీ దగ్గర నుంచి రసమట్టం తెప్పించారు. గచ్చు చదునుగా ఉందో లేదో చూసే గాజుబుడగ కర్ర అది. దాన్ని కోదండపాణి గారి వీపు మీద పెట్టి, కళ్లజోడు లేకపోవడంతో ముక్కు ఆనించి చూశారు.

"సార్, బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. తమ వెన్ను దోషం లేకుండా తిన్నగా ఉంది. తాము నిటారుగానే ఉన్నారు. కాకపోతే పడుకుని నిటారుగా ఉన్నారు."

కోదండపాణి గారు ఆలోచించారు. "కొలిచి చెప్పారా?"

"కొలిచే చెప్పానండీ."

"అయితే చెల్లుతుంది." ఆయన బోర్లా పడుకునే సంతకం చేశారు. వంకర లేకుండా, అచ్చు గుద్దినట్టుగా.

ఆ తర్వాత ఆయన కలం మూత పెట్టలేదు. చెంప నేలకి ఆనించి, ఏదో వెలుగు కనిపించిన వాడిలా అన్నారు. "శర్మగారూ, వకుళ గారు గొప్ప మాట అన్నారు. మంచి తక్కెడ ఊగి ఆగుతుంది. అసలు ఊగని తక్కెడ ఏమిటి?"

"ఏమిటండీ?"

"తుప్పు పట్టిన తక్కెడ. దాని మీద కేసు రాస్తాం. ఆ మొదటి అమ్మాయి ఏమాత్రమైనా ఊగిందా?"

"లేదండీ."

"నూటికి నూరు కొట్టెయ్యండి. రాసుకోండి. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సోమవారం నుంచి ఈ సంస్థలోని ప్రతి వ్యక్తీ, అధికారులతో సహా, ప్రతి ఉదయం కుడికీ ఎడమకీ సమానంగా ఊగవలెను. ఇంతకుముందు ఇచ్చిన పట్టాలన్నీ పునఃపరిశీలనకై తిరిగి..."

వకుళ మిగతాది వినలేదు. ఆయన చేతికింద నుంచి కాగితం లాగి, సిరా ఆరకుండానే రత్నం చేతిలో పెట్టింది.

"పరిగెత్తవే!"

"మేడం, ఎల్లొస్తానని మీకు చెప్పనైనా..."

"చెప్పక్కర్లేదు, ఉత్తరం రాద్దువుగాని. పరిగెత్తు!"

రత్నం గజ్జెలతోనే పరిగెత్తింది. పరిగెత్తే మనిషి వంగకుండా పరిగెత్తలేడు. గేటు దగ్గర అప్పన్న ఆ గజ్జెల చప్పుడు విని, విజిల్ నోటి దగ్గరికి తీసుకెళ్లి, వస్తున్నదెవరో చూశాడు. విజిల్ జేబులో పడేసుకుని గేటు బార్లా తెరిచాడు.

"ఎల్లిపోమ్మా, బేగెల్లిపో. నాను గేటునే సూత్తన్నాను. నిన్ను సూడ్నేదు."